ఒకరోజు వర్క్‌షాప్ వద్దు, వారానికి రెండు గంటలు ఇవ్వండి
ఉమ్మడి వరంగల్లు జిల్లా డిగ్రీ కళాశాలల ప్రిన్సిపాళ్లకు, గ్రంథాలయ అధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రిన్సిపాళ్లకు, గ్రంథాలయ సంస్థల అధికారులకు,

నమస్కారాలు.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ముప్పై ఏండ్లకు పైగా సాంఘికశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయురాలిని. హనుమకొండలో ఉంటున్నాను. కొన్నేండ్లుగా తెలుగు వికీపీడియాలో రాస్తున్నాను, రాయాలన్న కోరికతో వచ్చేవారికి నాకు తెలిసినంత నేర్పుతున్నాను. ఈ పనికి ఒక గది, నాలుగు కంప్యూటర్లు, వారానికి రెండు గంటల సమయం ఇప్పించమని మీలో కొందరికి నిరుడు మూడు దఫాలు విన్నవించుకున్నాను. మొదటి వినతిపత్రాన్ని స్వయంగా తెచ్చి ఇన్‌వర్డ్‌లో ముద్ర వేయించుకున్నాను, రెండోదాన్ని రిజిస్టర్డ్ పోస్టులో పంపాను, మూడోదాన్ని ఒక సమావేశంలో చేతికే ఇచ్చాను. "పైనుంచి ఆర్డర్ రావాలె మేడం" అన్న ఒక్క మాట తప్ప ఇంతవరకు రాతపూర్వకమైన జవాబు రాలేదు. ఏ సంస్థనూ వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు కనుక ఎవరి పేరూ రాయడం లేదు. నలుగురూ చదివేచోట పెడితేనైనా సంగతి మీ బల్లమీదికి వస్తుందన్న ఆశతో ఈ లేఖ రాస్తున్నాను.

వికీపీడియా ఇంగ్లీషులో 2001 జనవరి 15న మొదలైంది. మన తెలుగు వికీపీడియాకు 2003 డిసెంబరు 10న అంకురార్పణ జరిగింది. అందులో రాసేవారికి జీతం లేదు, రాయడానికి ఎవరి అనుమతీ అక్కర లేదు. పేజీపైన ఉన్న "సవరించు" అన్న మాటను నొక్కగలిగిన ప్రతివారూ రాయవచ్చు. 2011 జనగణన ప్రకారం తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8 కోట్ల 11 లక్షల మంది కాగా, నెలనెలా క్రమం తప్పకుండా ఈ విజ్ఞాన సర్వస్వంలో రాసేవారు పదుల్లోనే ఉన్నారు. కొమర్రాజు లక్ష్మణరావు గారు తెలుగులో విజ్ఞాన సర్వస్వాన్ని తలకెత్తుకుని, అది పూర్తికాకుండానే 1923లో కన్నుమూశారు. ఆ కాలంలో ఆయనకు కొరవడినవి డబ్బు, అచ్చుయంత్రం, ఆయుష్షు. ఇప్పుడు మనకు కొరవడింది, కొత్తగా వచ్చిన మనిషి పక్కన ఒక గంట కూర్చుని నేర్పే మనిషి మాత్రమే.

జరిగిన సంగతి ఒకటి మీ ముందు పెడతాను.

రెండేండ్ల కింద మన ప్రాంతంలోని ఒక కళాశాలలో వికీపీడియా శిక్షణ అని ఒకరోజు వర్క్‌షాప్ పెట్టి, నన్ను సాయానికి పిలిచారు. పిల్లలు అరవై మంది, కంప్యూటర్లు ఇరవై రెండు, అన్నింటికీ కలిపి ఇంటర్నెట్ కనెక్షన్ ఒకటే. జ్యోతి ప్రజ్వలన, ఉపన్యాసాలు, శాలువాలు అయ్యేసరికి పదకొండున్నర దాటింది. పిల్లలు ఖాతాలు తెరవడం మొదలుపెడితే ఆరుగురికి తెరుచుకున్నాయి, ఏడో అమ్మాయికి తెరుచుకోలేదు. కారణం చాలా చిన్నది. ఒకే ఇంటర్నెట్ చిరునామా నుంచి ఒక రోజులో ఆరు ఖాతాలకు మించి తెరవడానికి వీల్లేకుండా అక్కడ ఒక కట్టడి ఉంది. గుంపులు గుంపులుగా దొంగ ఖాతాలు తెరిచి చెత్త నింపేవారిని ఆపడానికి పెట్టిన కట్టడి అది. ముందుగా విన్నవించుకుంటే ఆ రోజుకు దాన్ని సడలిస్తారు. అదీ కాకపోతే పిల్లలు ఎవరి ఫోన్ డేటాతో వారు ముందురోజే ఇంటి దగ్గర ఖాతా తెరుచుకుని రావచ్చు. ఈ సంగతిని ఏర్పాట్లు చూసేవారికి నేను వారం ముందే కాగితంమీద రాసి ఇచ్చాను. ఆ కాగితం ఎవరి ఫైల్లో ఉండిపోయిందో తెలియదు.

సమయం మించిపోతున్నదని అప్పటికప్పుడు పదిమందికి ఒక ఖాతా చొప్పున పంచారు. ఒక ఖాతాను ఒక్కరే వాడాలన్నది వికీపీడియాలో మొట్టమొదటి నియమాల్లో ఒకటి. సాయంత్రం నాలుగు గంటలకల్లా ఒక్కో బృందం రెండేసి వ్యాసాలు పూర్తిచేయాలని లెక్క పెట్టారు. అంత తక్కువ సమయంలో ఆ పిల్లలు మాత్రం ఏం చేయగలరు? రజతోత్సవ సంచికల నుంచి, గైడ్ల నుంచి, కనిపించిన వెబ్‌సైట్ల నుంచి పేజీలకు పేజీలు ఎత్తి రాశారు. సర్టిఫికెట్లు ఇచ్చారు, ఫొటో దిగారు, మర్నాడు జిల్లా ఎడిషన్లో వార్త వచ్చింది. రెండు మూడు రోజుల్లో ఆ వ్యాసాలన్నీ తొలగిపోయాయి, ఖాతాల్లో రెండింటిపై నిరోధం పడింది. తొలగించినవారిని నేను తప్పుపట్టను. మన దేశంలో ఒక రచనపై హక్కులు రచయిత జీవితకాలమంతా, ఆపైన మరో అరవై ఏండ్లు ఉంటాయి. ఒకరి రాతను ఎత్తి పెట్టడానికి వికీపీడియా ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. నేను బాధపడేది పిల్లల గురించి. వారికి ఆ నియమం చెప్పినవారు లేరు, తొలగించిన తరువాత ఎందుకు తొలగించారో వివరించినవారూ లేరు. ఆ అరవై మందిలో మళ్లీ ఆ పేజీ తెరిచినవారు నాకు తెలిసి ఒక్కరే.

కమలాపూర్ మండలంలోని ఒక పల్లె ఆ అమ్మాయిది. బి.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నది. ఎవరినో అడిగి నా ఇల్లు తెలుసుకుని ఒక ఆదివారం వచ్చింది. కూర్చోకముందే, "మా ఊరి సంగతి మాకు తెల్వదా మేడం? మేం రాసింది ఎందుకు తీసేసిన్రు?" అని అడిగింది. కొత్తగా వచ్చిన ప్రతివారి మనసులోనూ ఉండేది ఆ ప్రశ్నే. నేను జవాబు చెప్పకుండా ఆమె ఊరి పేజీ తెరిచి చూపించాను. మొదటి వాక్యంలోనే ఆ ఊరు వరంగల్ పట్టణ జిల్లాలో ఉన్నదని రాసి ఉంది.

ఈ మాటను ఇక్కడ కొంచెం వివరించాలి. కమలాపూర్ మండలం 2016 అక్టోబరు 10 దాకా కరీంనగర్ జిల్లాలో ఉండేది. మర్నాడు, దసరానాడు, కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు వరంగల్ పట్టణ జిల్లాలోకి వచ్చింది. 2021 ఆగస్టులో ఆ జిల్లా పేరే హనుమకొండగా మారింది. అయిదేండ్లలో ఒకే ఊరికి మూడు జిల్లాల పేర్లు. పరకాలవారిది మరో దారి: వరంగల్ నుంచి వరంగల్ గ్రామీణానికి, అక్కడినుంచి హనుమకొండకు. ములుగువారు 2016లో భూపాలపల్లిలో చేరి, 2019 ఫిబ్రవరిలో సొంత జిల్లా అయ్యారు. రాష్ట్రంలో పది జిల్లాలు ముప్పై ఒకటి అయి, ఆపైన ముప్పై మూడు అయ్యాయి. ఊళ్ల పేజీలు వేలల్లో ఉన్నాయి. వాటిలో చాలావరకు 2011 జనగణన లెక్కలు పెట్టి, ఎక్కడెక్కడో ఉన్న కొద్దిమంది ఔత్సాహికులు ఓపికగా తయారుచేసినవి. ఏ ఊరు ఏ మండలం నుంచి ఏ మండలానికి పోయిందో హైదరాబాదులోనో అమెరికాలోనో కూర్చున్నవారు ఒక్కొక్కటే వెతికి దిద్దాలంటే ఏండ్లు పడుతుంది. ఆ ఊరి పిల్లకు అది పది నిమిషాల పని.

పది నిమిషాల పని అన్నాను గానీ, ఆ రోజు మాకు నలభై నిమిషాలు పట్టింది. ఆ అమ్మాయి ఫోన్లో తెలుగు చకచకా రాస్తుంది, కంప్యూటర్ కీబోర్డు మీద మాత్రం ఎన్నడూ రాయలేదు. కీల మీద తెలుగు అక్షరాలు లేవని చేతులు వెనక్కి తీసుకుంది. రాసే పెట్టె పక్కన ఉండే చిన్న కీబోర్డు బొమ్మను చూపించి, అక్కడే లిప్యంతరీకరణను, అంటే ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడే పద్ధతిని, ఎంచుకోవచ్చని, కంప్యూటర్లో వేరే ఏదీ ఎక్కించనక్కర లేదని చెప్పాను. ఒకసారి "హన్మకొండ" అని, మరోసారి "హనుమకొండ" అని, మళ్లీ చెరిపి మొదటిదే రాసింది. ఏది సరైనదో తేల్చుకోవడానికి ప్రభుత్వ నోటిఫికేషన్ తెరిచాం. అందులో ఉన్నట్టే "హనుమకొండ" అని రాసి, ఆ నోటిఫికేషన్‌నే మూలంగా చూపించాం. కింద దిద్దుబాటు సారాంశం అన్నచోట "2021లో జిల్లా పేరు మారింది" అని ఆమే రాసింది. ప్రచురించే బటన్ దగ్గర వేలు ఆగిపోయింది. "తప్పయితే ఎవరన్న తిడ్తరా మేడం?" అని అడిగింది. అప్పుడు చరిత్ర పేజీ తెరిచి చూపించాను. ఆ వ్యాసం పుట్టిననాటి నుంచి ఎవరు ఏ రోజు ఎన్ని గంటలకు ఏ అక్షరం మార్చారో వరుసగా ఉంది. తప్పయితే పాత కూర్పును ఎవరైనా ఒక్క నొక్కుతో వెనక్కి తేగలరని, దిద్దినంత మాత్రాన పాతది పోదని తెలిసిన తరువాతే ఆమె ఆ బటన్ నొక్కింది. మర్నాడు ఎవరో ముక్కూమొహం తెలియని వాడుకరి నుంచి ఆమెకు "ధన్యవాదాలు" అన్న సందేశం వచ్చింది. రాత్రి తొమ్మిది గంటలకు ఫోన్ చేసి ఆ సంగతి చెప్పింది. అప్పటినుంచి ఆదివారాలు వస్తూనే ఉంది, ఒకసారి చిన్నమ్మ కూతురిని కూడా వెంట తెచ్చింది.

ఒక్క వాక్యానికి నలభై నిమిషాలు. అరవై మందికి ఒకే రోజున మైకులో చెప్తే ఇది రాదు. నేను ఈ లేఖలో చెప్పదలచుకున్నదంతా దీని చుట్టే ఉంది.

కొత్తవారికి చేయందించకపోవడం వల్ల మామూలు జనానికి జరుగుతున్న నష్టాన్ని మీ దృష్టికి తెస్తున్నాను.

1. తప్పు వివరం ఒక్క పేజీలోనే ఉండిపోదు. ఊరి పేరు ఫోన్లో వెతికితే పైన పెట్టెలో కనిపించేది చాలాసార్లు వికీపీడియా నుంచి వచ్చిందే. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు దాన్ని నోట్సులో రాసుకుంటారు, స్థానిక విలేకరులు వార్తలో పెడతారు, ఆ వార్తను చూపించి మరొకరు అదే తప్పును ఇంకో పేజీలో ఎక్కిస్తారు. ఊరివారికి తమ జిల్లా ఏదో తెలుసు. పై ఊళ్లో హాస్టల్లో ఉండి ఆన్‌లైన్ దరఖాస్తు నింపుకునే పిల్లవాడికి అనుమానం వచ్చినప్పుడు చూసుకునేది ఫోన్‌నే. అక్కడ పాత జిల్లా ఉంటే ఇబ్బంది పడేది అతడే.

2. తెలుగు ఒక్కటే చదవగలిగినవారు నష్టపోతున్నారు. ఇంగ్లీషు వచ్చినవారికి ఒక జబ్బు గురించో, పురుగుమందు గురించో, ఒక చట్టం గురించో మూలాలతో సహా వ్యాసం దొరుకుతుంది. ఆశా కార్యకర్తకు, పత్తి రైతుకు అదే అంశంమీద తెలుగులో నాలుగు వాక్యాల మొలక వ్యాసం కనిపిస్తుంది, లేదా అదీ కనిపించదు. అప్పుడు వారికి మిగిలేది వాట్సాప్‌లో వచ్చే సందేశం. దాన్ని ఎవరు రాశారో తెలియదు, తప్పని తేలినా దిద్దే వీలు లేదు.

3. మన ప్రాంతపు సంగతులు బీరువాల్లోనే ఉండిపోతున్నాయి. 1163 నాటి వేయిస్తంభాల గుడి గురించి, 1213లో రేచర్ల రుద్రుడు కట్టించి 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందిన రామప్ప గురించి రాసేవారు ఎక్కడివారైనా ఉంటారు. కాకతీయుల కాలపు చెరువు ఉండి, గట్టున శాసనం ఉండి, పేరు మాత్రం ఎక్కడా ఎక్కని ఊళ్ల గురించి రాయవలసినవారు మనమే. ఆ శాసనాల పాఠాలు జిల్లా శాసన సంపుటాల్లో అచ్చయి ఉన్నాయి, ఆ పుస్తకాలు మీ గ్రంథాలయాల్లోనే ఉన్నాయి. వికీపీడియాలో "మా తాత చెప్పాడు" అంటే చెల్లదు, అచ్చయిన ఆధారం కావాలి. అంటే గ్రంథాలయం లేకుండా ఈ పని సాగదు. ఇక పాత పత్రికలు, సావనీర్లు కంప్యూటర్ ఫైళ్లుగా ఉన్నా చాలావరకు పాతకాలపు ఫాంట్లలో ఉండటంతో వెతికితే దొరకవు, కాపీ చేస్తే పిచ్చిగీతలు వస్తాయి. వాటిని ఎవరో ఒకరు కూర్చుని చదివి, సొంత మాటల్లో రాసి, పేజీ సంఖ్యతో సహా మూలం చూపించాలి. చదవగలిగిన పెద్దలు ఉన్నారు. టైపు చేయగలిగిన పిల్లలు ఉన్నారు. వీరిద్దరూ ఒక బల్ల దగ్గర కలిసే చోటు లేదు.

4. పిల్లల్లో ఆత్మగౌరవం దెబ్బతింటున్నది. తొలిసారి పదిమంది ముందు రాసింది కారణం తెలియకుండా మాయమైతే, పల్లె నుంచి వచ్చిన పిల్ల "మాకు చేతకాదు" అనుకుంటుంది. ముప్పై ఏండ్లు బడిలో ఉన్నదాన్ని కనుక ఆ మాట ఎంతకాలం మనసులో నిలిచిపోతుందో నాకు తెలుసు.

5. ఇప్పటికే రాస్తున్న కొద్దిమందిపై భారం పెరుగుతున్నది. వర్క్‌షాప్ జరిగిన ప్రతిసారీ వారు తమ సొంత రాత పక్కనపెట్టి వారం రోజులు ఏరివేతకు కూర్చోవలసి వస్తున్నది.

ఇక నేర్పడం ఎట్లాగో నా అనుభవం చెప్తాను. ఇది నాకు ఒక్కరోజులో తెలిసింది కాదు. మొదట్లో నేనూ కొత్తవారితో నేరుగా వ్యాసం రాయించి, అది తొలగిపోతే వారితోపాటు నొచ్చుకున్నదాన్నే.

ఖాతా పేరు దగ్గరే జాగ్రత్త మొదలవుతుంది. ఆడపిల్లలు అసలు పేరు పెట్టనక్కర లేదని, ఫోన్ నంబరు, పుట్టిన తేదీ పేరులో కలపవద్దని, కళాశాల పేరుతో ఖాతా తెరవవద్దని ముందే చెప్పాలి. తరువాత చదవనివ్వాలి. తమ ఊరి పేజీయో, తమకు బాగా తెలిసిన పంట పేజీయో చదివిస్తే తప్పు వారికే కనిపిస్తుంది. మొదటి దిద్దుబాటు ఒక అక్షరదోషమైతే చాలు. రెండోది, మూలం లేని వాక్యానికి మూలం చేర్చడం. మూడోది, చదివిన పేరాను పుస్తకం మూసేసి సొంత మాటల్లో రెండు వాక్యాలుగా రాయడం. పుస్తకం మూయించడమే ఇందులో కిటుకు. తెరిచి ఉంటే ఎంత చెప్పినా ఆ వాక్యాలే దిగుతాయి. నాలుగోది చర్చ పేజీలో ఒక ప్రశ్న అడిగి, చివర సంతకం పెట్టడం. అడిగితే జవాబు చెప్పే మనుషులు అవతల ఉన్నారని అప్పుడు తెలుస్తుంది. ఆ తరువాత తమ సొంత ఫోన్‌తో తీసిన చెరువు ఫొటోనో, బురుజు ఫొటోనో వికీపీడియా బొమ్మలు దాచే కామన్స్‌లోకి ఎక్కించడం. నెట్‌లో దొరికిన బొమ్మ ఎంత అందంగా ఉన్నా పనికిరాదని అప్పుడే చెప్పాలి. ఇవన్నీ అయ్యాక, అయిదారు వారాల తరువాత, ప్రయోగశాలలో, అంటే వికీపీడియాలోనే ఎవరికి వారు సాధన చేసుకునే పేజీలో, కొత్త వ్యాసం మొదలుపెట్టవచ్చు. తమ గురించి, తమ బంధువుల గురించి, తమ కళాశాల యాజమాన్యం గురించి రాయకూడదని చెప్పవలసిందీ అక్కడే. చివరిమాట చెప్పినప్పుడు కొన్నిచోట్ల పెద్దల ముఖాలు ముడుచుకోవడం నేను చూశాను. నియమం మాత్రం అదే.

ఎవరైనా పిల్లల రాతను రద్దుచేస్తే, పక్కనున్నవారు వెంటనే దాన్ని తిరిగి పెట్టకూడదు. సారాంశంలో ఏం రాశారో ఇద్దరూ కలిసి చదవాలి, అర్థం కాకపోతే చర్చ పేజీలో మర్యాదగా అడగాలి, రెండురోజులు ఆగాలి. ఈ ఆగడం నేర్పడానికే పక్కన మనిషి కావాలి. తక్కినవి ఏ వీడియో చూసినా వస్తాయి.

ఇవి దృష్టిలో పెట్టుకుని మిమ్మల్ని కోరుతున్నవి:

1. ప్రతి డిగ్రీ కళాశాలలో వారానికి ఒకరోజు రెండు గంటలపాటు, ఒకే సమయంలో, కంప్యూటర్ ల్యాబ్‌లో నాలుగు యంత్రాలు ఈ పనికి కేటాయించాలి. విద్యా సంవత్సరమంతా అదే రోజు, అదే గది ఉండాలి. ఒక్కో విడతలో ఎనిమిది మందికి మించి తీసుకోవద్దు. నేర్పడానికి నేను, నాతోపాటు రాస్తున్న మరికొందరం పైసా తీసుకోకుండా వస్తాం. బస్సు చార్జీలు కూడా అడగం.

2. వ్యాసాల సంఖ్యకు మార్కులు ఇవ్వడం మానుకోవాలి. గడువు పెట్టి "తలా రెండు వ్యాసాలు" అనడమే ఎత్తిరాతలకు మూలం. ఇటీవల యంత్రంతో అనువదించినవి, కృత్రిమ మేధతో రాయించినవి తెచ్చి అతికించడానికీ అదే కారణమవుతున్నది. మార్కులు ఇవ్వదలిస్తే, మూడు నెలల తరువాత కూడా పేజీలో నిలిచి ఉన్న, మూలం చూపించిన వాక్యాలకు ఇవ్వండి. చరిత్ర పేజీ తెరిస్తే ఏ పిల్ల ఏం రాసిందో మీకే కనిపిస్తుంది, వేరే రికార్డు అక్కర లేదు.

3. జాతీయ సేవా పథకంలో చేరిన విద్యార్థి ఏడాదికి 120 గంటల సేవ చేయాలి. అందులో కొన్ని గంటలను తమ మండలంలోని ఊళ్ల పేజీలు దిద్దడానికి లెక్కించాలని కోరుతున్నాను. మొక్కలు నాటడం, రోడ్లు ఊడ్వడం ఎంత సేవో ఇదీ అంత సేవే. ఒక మండలానికి ఇద్దరు పిల్లలు చొప్పున పూనుకుంటే, జిల్లా పేర్ల తప్పులు ఒక్క విద్యా సంవత్సరంలో సరిచేయవచ్చని నా అంచనా.

4. గ్రంథాలయ అధికారులకు నా విన్నపం ఇది. మేమందరం ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నాం. ఆ హక్కుతో అడుగుతున్నాను: ప్రాంతీయ చరిత్ర, శాసనాలు, గెజెటీర్లు ఉన్న బీరువా తాళం తీసి ఉంచండి, ఆ బీరువా పక్కన ఇంటర్నెట్ ఉన్న ఒక కంప్యూటర్ పెట్టండి. ఇంటికి పుస్తకం ఇవ్వడం కుదరకపోతే అక్కడే కూర్చుని రాసుకోనివ్వండి. 1904లో మన హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయాన్ని ప్రజలే పూనుకుని పెట్టుకున్నారు. తెలుగు చదవడమే ఒక ఉద్యమమైన రోజులవి. ఆ ఊళ్లో ఇవాళ ఒక తెలుగు వాక్యానికి ఆధారం వెతుక్కునే పిల్ల, అటెండరు రాలేదన్న మాట విని వెనక్కి పోవడం నేను కళ్లారా చూశాను.

5. ఇప్పటికే ఒకరోజు వర్క్‌షాప్ ఖరారుచేసుకున్నవారు ఉంటే, దయచేసి రద్దుచేయకండి, మార్చండి. ఆ రోజును తొలి రోజుగా ప్రకటించండి. పిల్లలను ఖాతాలు తెరుచుకునే రమ్మనండి, సర్టిఫికెట్లు పదో వారం చివర ఇవ్వండి.

ఈ సందర్భంగా, ఎంతో కాలంగా తెలుగు వికీపీడియాలో రాస్తున్న సీనియర్ వాడుకరులకూ ఒక మాట. మీ శ్రమను దగ్గరనుంచి చూసినదాన్ని, మీ ఓపికకు నమస్కరిస్తున్నాను. కొత్తవారి రాత తొలగించవలసి వచ్చినప్పుడు, ముందే తయారుగా ఉండే హెచ్చరిక మూసతోపాటు రెండు వాక్యాలు మీ సొంత మాటల్లో వారి చర్చ పేజీలో రాయండి. "ఈ పేరా ఫలానా పుస్తకంలోదే ఉన్నది, మీ మాటల్లో రాస్తే ఉంచవచ్చు" అంటే చాలు. "విషయ ప్రాముఖ్యత", "నిర్ధారత్వం", "తటస్థ దృక్కోణం" అన్న మాటలు మనకు అలవాటైపోయాయి గానీ, మొదటిరోజు వచ్చినవారికి అవి కోర్టు కాగితంలోని మాటల్లాగే వినిపిస్తాయి. రచ్చబండ అని ఎంతో ఆప్యాయంగా పేరు పెట్టుకున్న చర్చల పేజీలో కొత్తగా వచ్చిన పిల్ల వేసిన ప్రశ్నకు ఒకరోజులోగా ఎవరో ఒకరు పలకరిస్తే, ఆ పిల్ల రెండోసారి వస్తుంది. వరంగల్లు, హనుమకొండ, జనగామ, మహబూబాబాద్, ములుగు, భూపాలపల్లి జిల్లాల్లో ఉన్న వాడుకరులు నెలకు ఒక్కరోజు ఏదో ఒక కళాశాలకు రాగలిగితే, రాకపోకల ఏర్పాటు నేను చూస్తాను.

ప్రిన్సిపాళ్లకు, అధికారులకు మళ్లీ విన్నవించుకుంటున్నాను. పైన రాసిన అయిదింటిలో దేనికీ కొత్త బడ్జెట్ అక్కర లేదు. ఉన్న గది, ఉన్న యంత్రాలు, ఉన్న పుస్తకాలు చాలు. వీటిలో ఏది వీలవుతుందో, ఏది కాదో, కాకపోతే ఎందుకు కాదో ఈ విద్యా సంవత్సరంలోనే రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను. వీలుకాదన్న జవాబైనా సరే. దాన్ని పట్టుకుని ఆ పైవారిని అడుగుతాం.

అంతవరకు ఆదివారాలు ఉదయం పది గంటలకు మా ఇంటి వరండాలోనే పని జరుగుతుంది. రెండు పాత ల్యాప్‌టాప్‌లు, ఒక ఫోన్ హాట్‌స్పాట్ ఉన్నాయి. ఇప్పుడు ముగ్గురు పిల్లలు వస్తున్నారు. కమలాపూర్ మండలంలో ఇంకా దిద్దవలసిన ఊళ్ల జాబితా గోడకు అతికించి ఉంది. వచ్చే వారం నుంచి పరకాల మండలం మొదలుపెట్టాలని వారే అనుకున్నారు. ఎండలు ముదిరితే వరండాలో కూర్చోలేం. ఆలోగా మీ గది తలుపు తెరుస్తారని ఎదురుచూస్తుంటాం.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
హనుమకొండ